ఫాస్ట్ ట్రావెల్ లేని లోకంలో మన తిప్పలు

చివరి_బోగీ

ఓపెన్ వరల్డ్ గేమ్, అంటే లోకమంతా ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చే ఆట, ఏది మొదలుపెట్టినా నేను ఫాస్ట్ ట్రావెల్ జోలికి పోను. మ్యాప్ మీద ఐకాన్ మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది, నొక్కితే చాలు, అక్కడ తేలతాను. నొక్కబుద్ధి కాదు. గుర్రమెక్కి, కొండ చుట్టూ తిరిగి, వానకు తడిసి, దారి తప్పి, ఎక్కడో దొంగల గుంపు చేతిలో చచ్చి, మళ్లీ లేచి అదే దారిన పోతాను. 2017లో బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ వచ్చినప్పుడు రాకుమారిని కాపాడే పని పక్కన పడేసి, కనిపించిన ప్రతి కొండా ఎక్కుతూ కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. అక్కడ దారి తప్పడమే ఆట.

ఇదే మనిషి, రైలు ఆలస్యమై కనెక్షన్ తప్పిపోతే ఏం చేస్తాడు? ప్లాట్‌ఫామ్ మీద తన బ్యాగు మీదే కూర్చుని పళ్లు నూరుతాడు. ఈమధ్య అదే జరిగింది. తర్వాతి బండికి బోలెడు టైముంది, అదీ ఆలస్యమే, ఎంతో తెలియదు. స్టేషన్ బయట ఎన్నడూ చూడని ఊరు. గేమ్‌లో అలాంటి ఊరు తగిలితే ప్రతి గుమ్మం తడతాను, ప్రతి పీపా పగలగొడతాను. ఇక్కడ మాత్రం డిస్‌ప్లే బోర్డు కింద నుంచి అడుగు కదపలేదు. బోర్డులో అక్షరాలు మారినప్పుడల్లా గుండె ఝల్లుమనడం, తీరా చూస్తే మారింది వేరే బండి వివరం కావడం, దీంతోనే సరిపోయింది. బ్యాగులో హ్యాండ్‌హెల్డ్, అదే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్, ఉంది, ఫుల్ చార్జింగ్ ఉంది. దాన్ని బయటికి తీయాలని కూడా అనిపించలేదు.

అందుకే అడుగుతున్నా. అక్కడ మజా ఇచ్చేదే ఇక్కడ మంటెందుకు పుట్టిస్తుంది? "డబ్బులు పోతాయి కాబట్టి" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. డబ్బులు పోనప్పుడు కూడా మండుతుంది. మీరు పడ్డ తిప్పలు కూడా రాయండి. కాకపోతే ఆటలతో ముడిపెట్టి రాయండి, లేదంటే మోడరేటర్ గారు దీన్ని ఇంకో విభాగంలోకి తోసేస్తారు.

లోడింగ్99

సింపుల్ అన్నా. ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే సేవ్ ఫైల్ బయట లేదు. తేడా కొడితే అక్కణ్ణుంచి మళ్లీ మొదలెట్టే రీలోడ్ లేదు. చర్చకి తాళం వేసేయొచ్చు.

సైడ్‌క్వెస్ట్_సుజి

ఆగు తమ్ముడూ, అంత తొందరగా తాళం వేయకు. రీలోడ్ లేని ఆటలకి మనం ఎగబడట్లేదా? రోగ్‌లైక్‌లలో చచ్చామంటే మళ్లీ మొదటికి రావాల్సిందే. 1980లో వచ్చిన రోగ్ అనే ఆట నుంచే ఆ జాతికి ఆ పేరొచ్చింది, అప్పటి నుంచి జనం సంతోషంగా చస్తూనే ఉన్నారు. నువ్వు చెప్పిందొక్కటే కారణమైతే వాటిని ఎవరూ ముట్టుకోకూడదు.

నా లెక్కలో అసలు విలన్ లగేజీ. ఆటలో నా దగ్గర పాతిక కత్తులు, పది కవచాలు, ఎందుకు ఏరుకున్నానో నాకే తెలియని వందల కొద్దీ పుట్టగొడుగులు ఉంటాయి. అన్నీ వేసుకుని గోడలెక్కుతాను. బయట? నాది నాలుగు చక్రాల సూట్‌కేసు. ఓ ప్రయాణంలో మెట్లు దింపుతుంటే ముందు చక్రం ఒకటి విరిగి, నాకంటే ముందు టకటకా దొర్లుకుంటూ కిందికి పోయింది. మిగిలిన మూడింటి మీద తోస్తే పెట్టె ఎడమవైపుకే లాగుతుంది. మణికట్టుతో కుడికి తిప్పుతూ, నాలుగడుగులకోసారి సరిచేసుకుంటూ, టెర్మినల్ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లాను. ఆగితే పెట్టె పక్కకి ఒరిగి వెనకొచ్చేవాళ్ల కాళ్లకి అడ్డం. అలాంటప్పుడు ఊరి అందాలు ఎవరికి కావాలండీ?

పాత_క్యాసెట్

సుజి గారూ, మీ సూట్‌కేసు ఎడమకి లాగిందనగానే నాకు కుడికి లాగే బస్సు గుర్తొచ్చింది. కుర్రాళ్లకి తెలియకపోవచ్చు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

డెజర్ట్ బస్ అని ఒక ఆట. పెన్ అండ్ టెల్లర్ అనే ఇంద్రజాలికుల జంట పేరుతో 1995లో సెగా సీడీ అనే గేమ్ మెషిన్ కోసం తయారుచేసిన చిన్న చిన్న ఆటల సంకలనంలో అదొకటి. సంకలనం అప్పట్లో మార్కెట్లోకి రాలేదు, కాపీలు తర్వాతెప్పుడో బయటపడ్డాయి. ఆటేంటంటే, అమెరికాలో టూసాన్ నుంచి లాస్ వేగాస్‌కి బస్సు తోలాలి. వేగం గంటకు 45 మైళ్లు దాటదు. నిజంగా ఎంత సేపు పడుతుందో ఆటలోనూ అంతే, 8 గంటలు. పాజ్ లేదు. ఎదురుగా ఒక్క బండి కూడా రాదు. బస్సు కొద్దికొద్దిగా కుడికి లాగుతుంటుంది కాబట్టి బటన్ మీద ఏదో బరువు పెట్టి పడుకుంటామంటే కుదరదు. రోడ్డు దిగితే బస్సు ఆగిపోతుంది. టో ట్రక్కు వచ్చి మళ్లీ టూసాన్‌కి లాక్కుపోతుంది, అదీ నిజంగా పట్టేంత సేపూ. అంతా సవ్యంగా జరిగి చేరితే వచ్చేది ఒక్క పాయింటు.

వెటకారానికి చేసిన ఆట అది. దాన్నే 2007 నుంచి ఏటా కొందరు పగలూ రాత్రీ ఆడుతూ, ఆసుపత్రుల్లో ఉన్న పిల్లల కోసం విరాళాలు పోగేస్తున్నారు. అంటే ప్రయాణంలోని విసుగునంతా వడకట్టి గ్లాసులో పోసిచ్చినా జనం తాగుతారు. కాబట్టి చివరి_బోగీ గారూ, మంటకి విసుగు కారణం కాదు. మనం కోరుకున్న విసుగు వేరు, నెత్తిన పడ్డ విసుగు వేరు.

చివరి_బోగీ

ఆ చివరి మాట బాగుంది గానీ పూర్తిగా ఒప్పుకోలేను. ఆటలో వానని నేను కోరుకోను. కొండ సగం ఎక్కాక వానొచ్చి చెయ్యి జారి కింద పడతాను. అది కూడా నెత్తిన పడ్డదే. అయినా నవ్వొస్తుంది.

సుజి గారు చెప్పిన లగేజీకి మాత్రం 2019లోనే ఒకాయన సమాధానం ఇచ్చాడు. హిడెయొ కొజిమా తీసిన డెత్ స్ట్రాండింగ్. ఆట మొత్తం మూటలు మొయ్యడమే. బరువు ఎటు వంగితే మనిషి అటు తూలతాడు, రెండు ట్రిగ్గర్లు బిగించి పట్టుకుని నిలదొక్కుకోవాలి. బూట్లు అరిగిపోతాయి. వాగులో కాలు జారితే పెట్టెలు కొట్టుకుపోతాయి, వాటి వెనక పరిగెత్తాలి. అది నాకు మహా ఇష్టం. లగేజీకి బరువుంటే కూడా ఇష్టమే అన్నమాట. మరి?

సైడ్‌క్వెస్ట్_సుజి

ఆ ఆటలో పెట్టెలు మోసేది హీరో, నడుం నొప్పి అతనికి. నేను సోఫాలో ఉంటాను. ఈ చిన్న తేడా మీ వేదాంతంలో ఎక్కడో జారిపోయింది.

తలతిరుగుడు

నా పేరు చూస్తే నా పార్టీ ఏదో తెలుస్తుంది. నడుం కాదు సుజి గారూ, అసలు సమస్య చెవిలో ఉంది.

మన లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి, తల ఎటు తిరిగిందో మెదడుకి చెప్పేవి అవే. కార్లో కూర్చుని ఫోన్‌లో ఆడుతుంటే చెవి "కదులుతున్నాం" అంటుంది, కన్నేమో "ఎక్కడ? స్క్రీన్ కదలకుండా ఇక్కడే ఉందిగా" అంటుంది. మెదడు ఈ తగువు తీర్చలేక పొట్ట మీద పడుతుంది. కళ్లకి కట్టుకుని ఆడే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే తగువు తిరగబడుతుంది. కన్ను పరిగెడుతుంటుంది, చెవి సోఫాలో ఉంటుంది. ఫలితం మాత్రం ఒకటే, నేను కిటికీ వెతుక్కోవడం.

అందుకని చివరి_బోగీ గారు అన్నట్టు ప్రయాణంలో హ్యాండ్‌హెల్డ్ తీయాలని అనిపించకపోవడం నా విషయంలో మూడ్ కాదు, ఆత్మరక్షణ. ఓసారి ఘాట్ రోడ్డు మీద బస్సులో, ఎదురు సీట్లో కుర్రాడు రేసింగ్ గేమ్ ఆడుతున్నాడు. సీట్ల సందులోంచి స్క్రీన్ కనిపిస్తోంది. బస్సు కుడికి తిరుగుతుంటే వాడి కారు ఎడమకి తిరుగుతోంది. ఆడేది వాడు, బస్సు ఆపించింది నేను. మిగతా వాళ్లందరి మొహాలూ ఇప్పటికీ కళ్లముందున్నాయి.

నాలాంటివాళ్లకి పనికొచ్చేవి: ముందు సీటు, దూరంగా ఆకాశం నేల కలిసే చోట చూపు. ఇంట్లో ఫస్ట్ పర్సన్ గేమ్స్ (హీరో కళ్లతోనే చూస్తూ ఆడేవి) ఆడేటప్పుడు తిప్పుడొస్తే సెట్టింగ్స్‌లో మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకబారడం), కెమెరా ఊగడం ఆపేయండి, ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే స్క్రీన్‌లో కనిపించే వెడల్పు, కాస్త పెంచండి. స్క్రీన్ మధ్యలో కదలని చుక్క పెట్టుకునే ఆప్షన్ కూడా కొన్ని ఆటల్లో ఉంటుంది. దాంతో నాకు చాలా ఊరట.

లోడింగ్99

ఐఫోన్‌లో కూడా అలాంటిదే ఉంది బ్రో. 2024లో వచ్చిన ఐఓఎస్ 18లో వెహికల్ మోషన్ క్యూస్ అని. స్క్రీన్ అంచుల్లో చుక్కలు బండి కదలికని బట్టి జరుగుతుంటాయి. కారు తిరిగితే చుక్కలూ తిరుగుతాయి, కంటికి కూడా కబురందుతుంది. మా చెల్లికి పనిచేసింది.

తలతిరుగుడు

థాంక్స్ తమ్ముడూ. చదవడానికి సరిపోతుందేమో. ఘాట్ రోడ్డులో రేసింగ్ గేమ్‌కి ఏ చుక్కలూ చాలవు.

పాత_క్యాసెట్

ప్రయాణానికీ చేతిలో పట్టే ఆటకీ ఉన్న చుట్టరికం మీద ఒక ముక్క. జపాన్ గేమ్ కంపెనీ నింటెండోలో గుంపెయ్ యోకొయ్ అని ఒకాయన ఉండేవాడు. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో పోతుంటే ఓ ఉద్యోగి తోచక కాలిక్యులేటర్ బటన్లు నొక్కుకుంటూ కూర్చోవడం చూశాడట. అందులోంచి పుట్టిందే 1980 నాటి గేమ్ అండ్ వాచ్ అంటారు. తర్వాత 1989లో ఆయన బృందమే గేమ్ బాయ్ తెచ్చింది. రంగుల్లేవు, స్క్రీన్ వెనక లైటు లేదు, రాత్రి బస్సులో ఆడాలంటే వీధిదీపం వచ్చినప్పుడల్లా ఒక్కో ఎత్తు వెయ్యాలి. కానీ నాలుగు పెన్సిల్ సెల్స్‌తో గంటల తరబడి నడిచేది. మరుసటేడు పోటీగా వచ్చిన గేమ్ గేర్‌కి రంగులూ ఉన్నాయి, లైటూ ఉంది, ఆరు సెల్స్ వేసినా కొన్ని గంటల్లోనే చప్పబడిపోయేది. దూరప్రయాణాలు చేసేవాళ్లు దేన్ని ఎంచుకున్నారో చెప్పక్కర్లేదు. 1993లో సెరెబ్రోవ్ అనే రష్యన్ వ్యోమగామి టెట్రిస్ పెట్టిన గేమ్ బాయ్‌ని మిర్ అంతరిక్ష కేంద్రానికి కూడా పట్టుకెళ్లాడు. అంతకు మించిన దూరప్రయాణం ఏముంటుంది?

కాబట్టి ప్రయాణంలో ఆట తీయడం తప్పేం కాదు. ఆట పుట్టిందే రైల్లో.

బ్యాగేజ్_బెల్ట్_4

చాలా కాలంగా చదువుతూ పోతున్నాను, రాయడం ఇదే మొదలు. నేను ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్‌ని. మీరంతా బోర్డు కింద నిలబడి తిట్టుకునేది నాలాంటివాళ్లనే. చివరి_బోగీ గారి ప్రశ్నకి నా వైపు నుంచి ఒక జవాబుంది.

ఆట ఏదీ మీ దగ్గర దాచదు. ప్రాణం ఎంత మిగిలిందో ఎర్ర గీత ఉంటుంది. గమ్యం ఎన్ని మీటర్లో పైన రాసి ఉంటుంది. చచ్చినా ఎందుకు చచ్చారో చూపిస్తుంది. వానలో చెయ్యి జారితే, వాన వల్ల జారిందని మీకు తెలుసు. అందుకే నవ్వొస్తుంది. మేము చెప్పేదేమో "కాసేపట్లో". కాసేపంటే ఎంత? మాకూ తెలియదు, అదీ సంగతి.

ఎందుకు తెలియదంటే, ఆలస్యం ఒక్క ముక్కగా రాదు. మీరెక్కాల్సిన విమానం ఇంకో ఊరి నుంచి రావాలి, అక్కడ వాతావరణం బాలేదు. అది తేలేలోపు టేకాఫ్‌కి ఇచ్చిన స్లాట్ పోతుంది. కొత్త స్లాట్ వచ్చేసరికి పైలట్ల డ్యూటీ గంటల పరిమితి దగ్గర పడుతుంది. ఆ పరిమితి దాటాక వాళ్లు బండి నడపకూడదు, అది భద్రతా నియమం. వేరే సిబ్బంది దొరికితే కదులుతుంది, లేకపోతే రద్దు. అరగంట అన్నది మూడు గంటలై, చివర్లో రద్దయ్యేది ఇలాగే. ప్రతి మెట్టు దగ్గరా కౌంటర్‌లో ఉన్నవాడికి అందేది ఆ ఒక్క మెట్టు సమాచారమే.

ఒకసారి గేటు దగ్గర ఒక పెద్దాయన నాతో "బాబూ, ఎప్పుడు కదులుతుందో అక్కర్లేదు, ఇప్పుడు ఏ పని నడుస్తోందో అది చెప్పు" అన్నారు. చెప్పాను. ఇంజనీర్లు ఒక సెన్సర్ మారుస్తున్నారు, విడిభాగం స్టోర్ నుంచి బయల్దేరింది అని. అది విని ఆయన వెళ్లి హాయిగా కూర్చున్నారు. టైము ఏం మారలేదు.

చివరి_బోగీ

ఇది. ఇదే నేను వెతుకుతున్న జవాబు. ఆరోజు బోర్డు నాకు "ఆలస్యం" అని తప్ప ఇంకేం చెప్పలేదు. ఎంత ఆలస్యమో చెప్పి ఉంటే ఊళ్లోకి పోయేవాణ్ణి. ఏ క్షణాన్నైనా మారొచ్చన్న భయమే అక్కడే కట్టేసింది.

పాత_క్యాసెట్

మెల్లగా! ఆటలు మరీ అంత సత్యహరిశ్చంద్రులేం కావు. మా కాలంలో క్యాసెట్ టేపు నుంచి ఆట లోడవ్వడానికి నిమిషాలు పట్టేది, కీచుమనే శబ్దం వింటూ కూర్చునేవాళ్లం, చివర్లో ఎర్రర్ వచ్చి మొదటికి. తర్వాతి కాలంలో తెలివి మీరారు. 2007 నాటి మాస్ ఎఫెక్ట్‌లో లిఫ్టులు గుర్తున్నాయా? ఎందుకంత నెమ్మదంటే, అవి దిగేలోపు వెనక తర్వాతి అంతస్తు లోడవుతుండేది. ఈమధ్య ఆటల్లో హీరో ఇరుకు సందులోంచి పక్కకి తిరిగి పాక్కుంటూ పోతాడు చూడండి, చాలాసార్లు అదీ అందుకే. ఎదురుచూపుని ప్రయాణంలా కనబడేట్టు చేశారు.

విమానాశ్రయాలు కూడా ఇదే చేస్తాయి. హ్యూస్టన్‌లో సామాన్ల కోసం బెల్ట్ దగ్గర నిలబడాల్సి వస్తోందని ప్రయాణికులు తెగ ఫిర్యాదు చేసేవారట. సామాన్లు తెచ్చే వేగం పెంచినా ఫిర్యాదులు తగ్గలేదు. చివరికి విమానాలు ఆగే గేట్లని బెల్ట్ నుంచి దూరంగా మార్చారు. జనం ఎక్కువ దూరం నడిచారు, వచ్చేసరికి పెట్టెలు సిద్ధం. ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి. మొత్తం పట్టిన టైము అటూ ఇటుగా అంతే. నిలబడితే మంట, నడిస్తే లేదు.

బ్యాగేజ్_బెల్ట్_4

ఆ కథ మా శిక్షణలో కూడా చెప్పారు. ఏం చెయ్యను, దాని గురించి గర్వపడాలో సిగ్గుపడాలో ఇంకా తేల్చుకోలేదు.

సైడ్‌క్వెస్ట్_సుజి

బెల్ట్ గారూ, మిమ్మల్ని వదిలేది లేదు. పెట్టె రాకపోతే ఏం చెయ్యాలి? నా చక్రం లేని సూట్‌కేసు ఆ తర్వాత ఓసారి రానే రాలేదు. బెల్ట్ ఖాళీగా తిరుగుతుంటే, ఎవరిదో ఒక్క పసుపు గొడుగు మాత్రం చుట్లు కొడుతూ ఉంది. అందరూ వెళ్లిపోయారు, నేనూ గొడుగూ మిగిలాం.

బ్యాగేజ్_బెల్ట్_4

హాలు దాటి బయటికి రాకముందే బ్యాగేజ్ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించండి. దాన్ని పీఐఆర్ అంటాం. దాని మీద ఒక నంబర్ ఉంటుంది, దాంతోనే పెట్టె ఎక్కడుందో వెతుకుతారు. బోర్డింగ్ పాస్, పెట్టెకి అంటించిన ట్యాగ్ తాలూకు ముక్క పారేయొద్దు. అంతర్జాతీయ ప్రయాణాలకి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. పెట్టె దెబ్బతిని వస్తే 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. ఆలస్యంగా చేతికొస్తే, అందిన రోజు నుంచి 21 రోజుల్లోగా. రావాల్సిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్క, పరిహారం అడగొచ్చు. దానికీ పైపరిమితి ఉంది, కాబట్టి ఖరీదైన కన్సోల్‌ని చెకిన్ బ్యాగులో పెట్టకండి. ఎలక్ట్రానిక్స్ అందులో పెట్టొద్దని చాలా ఎయిర్‌లైన్స్ నిబంధనల్లోనే రాసుకుంటాయి.

గొడుగు సంగతి తర్వాత ఏమైంది?

సైడ్‌క్వెస్ట్_సుజి

నా పెట్టె వేరే ఖండం చూసి వచ్చింది. గొడుగు తెలియదు. దానికి నేనో కథ అల్లుకున్నాను, ఎప్పటికైనా అది ఆటలో అసలు కథ పక్కన వచ్చే సైడ్‌క్వెస్ట్‌లా తగులుతుందని.

లోడింగ్99

పవర్ బ్యాంక్ గురించి కూడా చెప్పండి అన్నా. నాది 30,000 ఎంఏహెచ్. సెక్యూరిటీలో లాగేస్తారని ఫ్రెండ్ భయపెడుతున్నాడు.

బ్యాగేజ్_బెల్ట్_4

నీ ఫ్రెండ్ చెప్పిందాంట్లో నిజముంది. లెక్క ఎంఏహెచ్‌లో ఉండదు, వాట్-అవర్లలో ఉంటుంది. ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణించి 1000తో భాగించు. 20,000కి 74 వస్తుంది. నీ 30,000కి 111. 100 వరకు ఎవర్నీ అడగక్కర్లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. అంతకు మించితే ప్రయాణికుడి దగ్గర ఉండకూడదు. ఎంతదైనా సరే, చెకిన్ బ్యాగులో అసలు పెట్టకూడదు. కింద కార్గోలో మంటొస్తే చూసేవాడుండడు, పైన చేతి దగ్గరుంటే ఆర్పొచ్చు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో నేల మీదున్న విమానం పైకప్పు కాలిపోయింది, పవర్ బ్యాంకే కారణం కావచ్చని దర్యాప్తులో చెప్పారు. ఆ తర్వాత కొన్ని ఎయిర్‌లైన్స్ గాల్లో పవర్ బ్యాంక్ వాడకాన్నే ఆపేశాయి. బయల్దేరే ముందు మీ ఎయిర్‌లైన్ నిబంధన చూసుకోవడం మంచిది.

ఆడేవాళ్లకి ఒక ఊరట: హ్యాండ్‌హెల్డ్‌లకి ఈ భయం లేదు. స్టీమ్ డెక్ మొదటి మోడల్ బ్యాటరీ 40 వాట్-అవర్లే, నింటెండో స్విచ్‌ది 16.

పాత_క్యాసెట్

అంటే మళ్లీ పెన్సిల్ సెల్స్ రోజులే నయం.

మోడరేటర్

చర్చ బాగుంది, ఇక్కడే ఉంచుతున్నాను. పవర్ బ్యాంక్ బ్రాండ్లు ఏవి మంచివి అన్న ప్రశ్నలు మాత్రం హార్డ్‌వేర్ విభాగంలో పెట్టండి.

చివరి_బోగీ

బెల్ట్ గారి మాట మీద ఆలోచిస్తుంటే పేపర్స్, ప్లీజ్ గుర్తొచ్చింది. 2013లో లూకస్ పోప్ చేసిన ఆట. ఊహాజనితమైన దేశంలో సరిహద్దు కౌంటర్‌లో మనం కూర్చుంటాం. వచ్చినవాళ్ల పాస్‌పోర్ట్ తేదీ, ఫొటో, ముద్ర, ఊరి పేరు అన్నీ సరిచూసి ఆకుపచ్చదో ఎర్రదో స్టాంపు గుద్దాలి. రోజుకో కొత్త నియమం. ఎంతమందిని చూస్తే అంత జీతం, తప్పు చేస్తే కోత. ఇంట్లో కుటుంబానికి తిండీ వెచ్చదనమూ ఆ జీతంతోనే. ఆ ఆట ఆడాక ఇమిగ్రేషన్ క్యూలో నిలబడితే నా చూపు మారింది. ముందు కౌంటర్‌లో అధికారి ఒకరి పాస్‌పోర్ట్‌లో అదే పేజీని ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. ఇదివరకైతే "ఏంటీ ఆలస్యం" అనుకునేవాణ్ణి. ఇప్పుడు "ముద్ర తేదీ కలవట్లేదేమో" అనుకుంటూ నాలుగడుగుల దూరం నుంచి నేనూ డ్యూటీ చేస్తున్నాను. లోపల ఏం జరుగుతోందో ఊహకి అందితే చాలు, కాళ్ల నొప్పి కూడా తగ్గినట్టుంటుంది.

అందుకే డ్రాగన్స్ డాగ్మా అనే ఆట దర్శకుడు ఇట్సునో 2024లో, రెండో భాగం వచ్చేముందు, ప్రయాణం విసుగనిపిస్తే తప్పు ఆటదే అన్న అర్థంలో మాట్లాడితే సంబరపడ్డాను. దారిలో ఏదైనా జరుగుతుండాలి, జరిగేది కనబడాలి.

తలతిరుగుడు

దారిలో ఏమీ జరక్కపోతేనే నాకు సంతోషం. నేను యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 పార్టీ. 2012 ఆట, యూరప్‌లో చాలా దేశాల్ని ఒకటికి పందొమ్మిది వంతులు కుదించి పెట్టారు, ఇంటర్వెల్ లేకుండా దేశాలు దాటేయొచ్చు. సరుకు ఎక్కించు, సిగ్నల్ వెయ్యి, వెళ్లు. నా జీవితంలో తిప్పు రాకుండా పూర్తిచేసిన దూరప్రయాణాలన్నీ అందులోనివే.

సైడ్‌క్వెస్ట్_సుజి

చివరి_బోగీ గారూ, అన్నీ తెలిస్తే మంట ఉండదంటే నేనొప్పుకోను. నా సూట్‌కేసు ఎందుకు ఎడమకి లాగుతోందో నాకు పూర్తిగా తెలుసు. మెట్ల కింద చక్రం కూడా కళ్లారా చూశాను. ఎర్రర్ మెసేజ్ అంతకంటే స్పష్టంగా ఉండదు. అయినా మండింది.

చివరి_బోగీ

దానికి నా దగ్గర జవాబు లేదండీ. మీరు గెలిచారు.

ఇద్దరి_నాన్న

నడుమ దూరుతున్నందుకు ఏమనుకోకండి. సెలవులకి విమానం, ఆపైన కారు. పిల్లలు ఆరేళ్లది ఒకతి, తొమ్మిదేళ్లవాడు ఒకడు. హ్యాండ్‌హెల్డ్ ఒక్కటే. ఎవరు ఎంతసేపన్న దగ్గర యుద్ధాలు. ఎలా నెట్టుకురావాలి?

సైడ్‌క్వెస్ట్_సుజి

వంతులు పెట్టకండి, గడియారం చూసే పని మీ నెత్తిన పడుతుంది. ఇద్దరూ ఒకే జట్టుగా ఆడే ఆట పెట్టండి. స్విచ్ అయితే రెండు కంట్రోలర్లూ విడదీసి చెరొకటి ఇవ్వొచ్చు, స్క్రీన్‌ని ట్రే మీద నిలబెట్టొచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపగలిగే ఆటే ఎంచుకోండి. పెద్ద విలన్‌తో పోరాడే బాస్ ఫైట్ మధ్యలో సీట్ బెల్ట్ అనౌన్స్‌మెంట్ వస్తే మీ పక్క సీట్లో కూర్చున్నవాళ్ల గతి ఆలోచించండి.

తలతిరుగుడు

కార్లో మాత్రం వద్దు. నా మాట వినండి. వినకపోతే కవర్లు దగ్గర పెట్టుకోండి.

లోడింగ్99

అన్నా, ముందురోజు రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ప్రతి గేమూ ఒకసారి తెరిచి చూడండి. డిజిటల్‌గా కొన్న వాటిలో కొన్ని లైసెన్స్ చెక్ చేసుకోవడానికి నెట్ అడుగుతాయి. గేమ్స్ అమ్మే స్టీమ్‌లో కొన్నవైతే నెట్ ఉండగా ఒకసారి నడిపి, తర్వాత ఆఫ్‌లైన్ మోడ్‌కి మార్చండి. గాల్లోకి వెళ్లాక తెలిస్తే ఏం చెయ్యలేం.

బ్యాగేజ్_బెల్ట్_4

చార్జర్ చేతి బ్యాగులో పెట్టుకోండి. పెద్ద పెట్టెలో పెట్టి, అది రాలేదని మా కౌంటర్‌కి వచ్చేవాళ్లని రోజూ చూస్తుంటాను.

ఇద్దరి_నాన్న

అందరికీ థాంక్స్. తమ్ముడు చెప్పినట్టు ఇప్పుడే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చూశాను. ఒక్కటి తప్ప అన్నీ తెరుచుకున్నాయి. ఆ ఒక్కటీ పెద్దోడి ఫేవరెట్. వెనకే నిలబడి చూశాడు. ప్రయాణం వచ్చే వారం, గొడవ ఇప్పుడే మొదలైంది.